చందా పుస్తకం: అడిగి బతికించుకున్న సంస్థల కథ

పరాయి ఊళ్లో నాలుగు తెలుగు కుటుంబాలు చేరితే ముందు ఒక రామమందిరం వెలుస్తుంది, తర్వాత ఒక సంఘం, ఆ వెనకే ఒక చందా పుస్తకం. గుళ్ల గురించీ సంఘాల గురించీ ఈ పుటల్లో చాలానే రాసుకున్నాం. చందా పుస్తకం సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. డబ్బు అడగడం మనకి నామోషీ. ఇచ్చినవాడి పేరు పాలరాతి మీద చెక్కిస్తాం. ఎండలో ఇల్లిల్లూ తిరిగి తెచ్చినవాడి పేరు రెండు తరాలకే మరిచిపోతాం. కానీ ఏ సంస్థ నిలిచింది, ఏది పోయింది అని చూసుకుంటూ పోతే, తేడా చాలాసార్లు ఇచ్చినవాళ్ల గొప్పతనంలో కనిపించదు. ఎవరిని అడిగారు, ఎలా అడిగారు, ఏం లెక్క చూపించారు అన్నదాంట్లోనే కనిపిస్తుంది. మేం నాలుగు తరాలుగా చెన్నపట్నంలో ఉన్నవాళ్లం కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా ఇక్కడివే. మహారాష్ట్రలో, కన్నడదేశంలో, ఒడిశాలో, యానాంలో ఉన్నవాళ్లు మీ ఊరి లెక్కలు వీటి పక్కన పెట్టి చూసుకోండి.

అడగడం మనకి కొత్తేం కాదు. పాత శాసనాల్లో మగమ అన్న మాట కనిపిస్తుంది. వర్తకులు తమ సరుకు మీద తమకు తామే వేసుకుని గుడికో ధర్మానికో ఇచ్చుకున్న సుంకం అది. తమిళంలో దాన్నే మగమై అంటారు. దక్షిణాన విరుదునగర్, శివకాశి వైపు నాడార్ వర్తకులు ఈ మగమై సొమ్ముతోనే బడులు కట్టుకున్నారు. ఇళ్లల్లో దీని రూపం పిడికెడు బియ్యం. పొద్దున వంటకి బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు వేరే కుండలో వేయడం, నెలాఖరుకి ఎవరో వచ్చి పట్టుకుపోవడం. ఇందులో ఉన్న సుళువేమిటంటే ఇచ్చేవాళ్లకి బరువు తెలియదు, అడిగేవాళ్లకి మొహమాటం ఉండదు. అయితే ఇది నడవాలంటే అందరూ ఒకే బజారులో, ఒకే వీధిలో ఉండాలి. ఊరు పెద్దదై మనుషులు చెదిరిపోయాక కుండ దగ్గరికి వచ్చేవాడే లేడు.

చెన్నపట్నంలో ఆ ఖాళీని మొదట పూరించింది పెద్దమనుషుల సొంత జేబులు. వాళ్లలో మనం మరవకూడని పేరు గాజుల లక్ష్మీనరసు శెట్టిది. 1806లో ఇక్కడే పుట్టిన తెలుగు వర్తకుడు. వ్యాపారంలో బాగా గడించాడు. 1844లో క్రెసెంట్ అనే ఇంగ్లీషు పత్రిక పెట్టి, కుంపిణీ పాలననీ, సర్కారు అండతో సాగుతున్న మతమార్పిళ్లనీ నిలదీశాడు. 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ స్థాపించాడు. దక్షిణాదిలో రాజకీయ సంఘం అన్నదానికి అదే మొదలు. పన్ను వసూలు కోసం రైతుల్ని హింసిస్తున్నారని పార్లమెంటుకి అర్జీలు పంపాడు. డాన్బీ సీమోర్ అనే పార్లమెంటు సభ్యుడు ఇక్కడికి వచ్చినప్పుడు వెంట తిరిగి ఊళ్లు చూపించాడు. ఆ గొడవ ఫలితంగానే 1854లో హింసల మీద విచారణ సంఘం వేశారు. మరుసటి ఏడు అది ఇచ్చిన నివేదిక రైతులు చెప్పింది నిజమేనని తేల్చింది.

ఇంత పనికీ ఖర్చు ఎక్కడిది? చాలామటుకు శెట్టిగారిదే. పత్రిక నష్టాలూ ఆయనవే, అర్జీల ఖర్చులూ ఆయనవే. 1868లో చనిపోయేనాటికి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు. ఆయన పోయాక అసోసియేషన్ కూడా ఊపిరాడక పడిపోయింది. ఆయన త్యాగం ముందు మనం తలవంచాల్సిందే. కానీ ఒక మనిషి జేబే ఒక సంస్థకి ఖజానా అయితే, ఆ మనిషి ఆయుర్దాయమే సంస్థకీ ఆయుర్దాయం అవుతుంది. తిరిగి 1884లో మద్రాస్ మహాజన సభ పుట్టేదాకా ఈ ఊరికి అలాంటి వేదిక లేకపోయింది. ఆ సభని నిలబెట్టినవాళ్లలోనూ రంగయ్య నాయుడు, పనప్పాకం ఆనందాచార్యులు వంటి మనవాళ్లున్నారు. ఈసారి భారం ఒక్క భుజం మీద పెట్టలేదు.

చందా అనేది ఒక విద్య అని తేల్చి చెప్పిన మనిషి ఆ పాఠం నేర్చుకున్నది ఈ దేశంలో కాదు, నేటాల్లో. అక్కడికి మన కథ ఎందుకు పోతుందంటే, 1860లో డర్బన్ చేరిన మొదటి కూలీ ఓడ మద్రాసు రేవు నుంచే బయల్దేరింది. ఆ తర్వాతి యాభై ఏళ్లలో ఇదే రేవు నుంచి అక్కడి చెరుకు తోటలకి తమిళులతో పాటు వేల తెలుగు కుటుంబాలూ వెళ్లాయి. 1894లో గాంధీ అక్కడ నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ పెట్టినప్పుడు మొదట ఎదురైన చిక్కు డబ్బే. నెలకి కనీసం 5 షిల్లింగులని చందా పెట్టారు. ఉన్నవాళ్లు ఇంకా ఎక్కువ వేసుకోవాలి. బోణీ అబ్దుల్లా సేఠ్‌ది, నెలకి 2 పౌన్లు. గాంధీ తన పేరు మీద 1 పౌను రాసుకున్నాడు, అప్పటి ఆయన సంపాదనకి అది తక్కువేం కాదు. అడిగేవాడు ముందు తన అంకె వేసి, తర్వాతే పుస్తకం పక్కవాడికి జరపాలన్న పద్ధతిని అక్కడే పట్టుకున్నాడు.

అయితే నెల చందా నడవలేదు. మొదటి ఉత్సాహం తగ్గాక, ప్రతి నెలా ఇంటికి పోయి అడగడం ఎవరి వల్లా కాలేదు. డర్బన్ బయట ఉన్నవాళ్ల దగ్గరికి మాటిమాటికీ పోవడం మరీ కష్టం. అందుకని ఏడాది చందాకి మార్చి, కనీసం 3 పౌన్లు చేశారు. మన సంఘాల్లో ఇప్పటికీ తెగని వాదన ఇది, నెలకా, ఏడాదికా అని. 1894లోనే ఒకరు చేసి చూసి తేల్చారు.

టోంగాట్ అనే ఊళ్లో జరిగిందాన్ని ఆయన తన ఆత్మకథలో చెప్పాడు. వసూలుకి వెళ్లినవాళ్లు ఒక వర్తకుడి ఇంట్లో దిగారు. ఆయన దగ్గర 6 పౌన్లు వస్తాయని వీళ్ల అంచనా. ఆయన 3 దాటనన్నాడు. 3 తీసుకుంటే తక్కినవాళ్లందరూ అదే చూపిస్తారు, వసూలు మొత్తం దెబ్బతింటుంది. రాత్రి బాగా పొద్దుపోయింది, అందరికీ ఆకలి. భోజనం సిద్ధంగా ఉంది. 6 పౌన్లు రానిదే విస్తరి ముందు కూర్చోమన్నారు. ఊరి వర్తకులు వచ్చి చెప్పారు, ఆయన వినలేదు. ఎవరూ గొంతు పెంచలేదు. తెల్లవార్లూ అలాగే కూర్చున్నారు. తెల్లారేసరికి గృహస్థు మెత్తబడి 6 పౌన్లు ఇచ్చి, అందరికీ భోజనం పెట్టాడు. ఆ సంగతి చుట్టుపక్కలంతా పాకి వసూలు సులువైంది. మా పెద్దవాళ్లు ఇది చెప్పుకుని నవ్వుకునేవాళ్లు, ‘మనవాళ్లయితే ముందు భోంచేసి తర్వాత 3 పౌన్లకే ఒప్పుకుని వచ్చేసేవాళ్లు’ అని.

లెక్కల విషయంలో ఆయన ఇంకా గట్టివాడు. ఎంత చిన్న మొత్తానికైనా రసీదు ఇవ్వాలి, ప్రతి పైసకీ లెక్క ఉండాలి, అప్పు చేసి ప్రజల పని చేయకూడదు. 1894 నాటి లెక్కల పుస్తకాలు ఇప్పటికీ చెక్కుచెదరకుండా దొరుకుతాయని ముప్పై ఏళ్ల తర్వాత ధైర్యంగా రాసుకోగలిగాడు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. 3 పౌన్ల చందా కట్టగలిగింది వర్తకులూ ఉద్యోగులే. తోటల్లో ఉన్న మన తెలుగు, తమిళ కూలీలకి ఆ పుస్తకంలో చోటు లేదు. కూలీలు సభ్యులుగా లేరని గాంధీయే ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది 1895లో, గడువు తీరాక అక్కడే ఉండిపోదామనుకున్న కూలీల మీద నేటాల్ సర్కారు తలకి ఏడాదికి 3 పౌన్ల పన్ను వేసింది. ఆశ్చర్యంగా అదీ మూడే. షావుకారుకి ఏడాది చందా అయిన మొత్తం కూలీకి కొన్ని నెలల కష్టం. ఆ కూలీల పిల్లలు తమ కాళ్ల మీద నిలబడి ఆంధ్ర మహాసభ పెట్టుకోవడానికి 1931 దాకా పట్టింది.

అదే గాంధీ 1921లో బెజవాడ వచ్చాడు. మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెసు కమిటీ అక్కడ చేరింది. పింగళి వెంకయ్యగారు జెండా నమూనా చూపించిన చోటుగా ఆ సభ మనందరికీ తెలుసు. మా దృష్టిలో ఆ సభ చేసిన తీర్మానం జెండా అంత పెద్దదే. తిలక్ పేరు మీద స్వరాజ్య నిధికి 1 కోటి రూపాయలు, కాంగ్రెసుకి 1 కోటి సభ్యులు, ఊళ్లల్లో 20 లక్షల రాట్నాలు. గడువు జూన్ 30. అంటే మూడు నెలలు. సభ్యత్వం 4 అణాలు. నిధి ఎందుకు, ఎంత, ఎప్పటిలోగా అన్న మూడు ప్రశ్నలకీ ఒక్క వాక్యంలో జవాబుంది. గడువు లోపల నిధి కోటి దాటింది. పెద్ద వాటా బొంబాయిది. అక్కడి మిల్లు యజమానులు, వర్తకులు పెద్ద మొత్తాలు ఇచ్చారు. కానీ బొంబాయి చెక్కులతో పాటు ఇటు మన ఆడవాళ్ల గాజులూ చేరాయి. ఏలూరులో మాగంటి అన్నపూర్ణాదేవి ఒంటిమీది నగలన్నీ తీసి ఇచ్చేసింది. ఆమె చిన్న వయసులోనే పోయినప్పుడు గాంధీ తన పత్రికలో ఆమెని తలుచుకుని రాశాడు.

ఆ పర్యటనలోనే కాకినాడలో ఒక పన్నెండేళ్ల పిల్ల చేసిన వసూలు ఉంది. యానాంలో ఉన్న మన చదువరులకి ఆ ఊరు పక్క ఊరే. ఆ పిల్ల దుర్గాబాయి. గాంధీ మాటలు దేవదాసీ స్త్రీలూ, పరదాలో ఉండే ముస్లిం స్త్రీలూ కూడా వినాలని ఆమె పట్టు. స్థానిక పెద్దలు ఒక మాట అన్నారు, 5 వేల రూపాయల నిధి తెస్తే కాసేపు సమయం ఇప్పిస్తామని. వదిలించుకోవడానికి అన్నారో, పరీక్షించడానికి అన్నారో. డబ్బు ఆ స్త్రీలే పోగుచేశారు. సభ పెట్టడానికి చోటు ఇచ్చేవాళ్లు కూడా కరువైతే చివరికి ఒక బడి ఆవరణ దొరికింది. కొన్ని నిమిషాలకని వచ్చిన గాంధీ అంతకంటే చాలాసేపు మాట్లాడాడు. ఆయన హిందీని తెలుగు చేసింది ఆ పిల్లే. వింటున్న ఆడవాళ్లు గాజులూ గొలుసులూ తీసి ముందు పోశారు. అన్నీ కలిపి 25 వేల దాకా వచ్చిందని దుర్గాబాయిగారు తన ఆత్మకథలో రాసుకున్నారు.

ఆ ఊళ్లో షావుకార్లు లేరా? ఉన్నారు, వాళ్లూ ఇచ్చి ఉంటారు. కానీ సంఘం గడప బయట నిలబెట్టిన ఆడవాళ్లు అంత ఇవ్వడానికి కారణం వాళ్లని అంతకు ముందు ఎవరూ ఏదీ అడగకపోవడమే. గౌరవంగా వచ్చి ‘మీ వంతు కావాలి’ అన్న మొదటి మనిషి ఆ పిల్ల. చందా అడగడమంటే మనిషిని లెక్కలోకి తీసుకోవడం. పెద్ద దాతల వెంట పడే కార్యదర్శులకి ఈ రహస్యం ఎప్పుడూ అంతుపట్టదు.

గాంధీ ఈ విద్యని చివరిదాకా సానపడుతూనే ఉన్నాడు. 1933-34 హరిజన యాత్రలో సంతకానికి 5 రూపాయలు పుచ్చుకునేవాడు. ఇచ్చిన సన్మాన పత్రాల్ని, కానుకల్ని అక్కడికక్కడే వేలం వేసేవాడు. సన్మానం మీద పెట్టిన ఖర్చు వృథా పోనివ్వకుండా దాన్నే సొమ్ము చేయడం గడుసుతనమే మరి.

ఇక దుర్గాబాయిగారు మా ఊరికి వచ్చారు. ఉప్పు సత్యాగ్రహం, జైళ్లు, ఆగిన చదువు మళ్లీ మొదలెట్టడం, అంతా అయ్యాక 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. మొదట పిల్లలకి హిందీ, ఆటపాటలు. తర్వాత మధ్యలో చదువు ఆగిపోయిన ఆడవాళ్లని బెనారస్ మెట్రిక్ పరీక్షకి తయారుచేయడం. బాల్యవివాహాలు అయినవాళ్లు, వితంతువులు, ఇంట్లోంచి బయటికి రాలేని కోడళ్లు. తమిళ ఊళ్లో తెలుగు ఆడవాళ్ల కోసం ఒక సంస్థ. దాన్ని లక్ష్మీనరసు శెట్టిగారి సంస్థతో పోల్చి చూడండి. దుర్గాబాయి దగ్గర సొంత ఆస్తి అనదగ్గది లేదు. అందుకని మొదటి రోజు నుంచీ అడగాల్సిందే. జమీందారు ఇళ్ల ఆడవాళ్లనీ అడిగారు, మామూలు గుమస్తాల ఇళ్లనీ అడిగారు. దాత పోతే సంస్థ పోయే ప్రమాదం అక్కడ లేదు, ఎందుకంటే దాత ఒక్కరు కారు. ఆ సభ ఆసుపత్రిగా, బడులుగా, వసతిగృహంగా పెరిగింది, అడయారులో పోలియో పిల్లల చికిత్స కేంద్రం నడిపింది, హైదరాబాదులోనూ వేళ్లూనింది. 1981లో ఆమె పోయాక కూడా ఆగలేదు.

1953లో ఆమె కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. దేశమంతా ఉన్న స్వచ్ఛంద సంస్థలకి సర్కారు సొమ్ము పంచే పని. పుచ్చుకునే చెయ్యి ఇచ్చే కుర్చీలో కూర్చుంది. ఆ మండలి గ్రాంటుల్లో సంస్థ తన వంతు సొమ్ము పోగుచేసి చూపాలన్న షరతు ఉండేది. ఊరి జనం నాలుగు రూపాయలు ఇవ్వని సంస్థకి ఢిల్లీ ఎందుకివ్వాలి? ఊరిని అడిగి తెచ్చుకోవడంలోని కష్టం తెలిసిన మనిషి ఆ కుర్చీలో ఉండగా ఆ షరతు వింతేమీ కాదు.

మరి ఆస్తి కొని అద్దెల మీద బతికితే? ఈ ఊళ్లో దానికీ మంచి ఉదాహరణ మనవాళ్లదే. జార్జిటౌన్‌లో కొత్తవాల్ చావడి కూరల బజారు ఆర్యవైశ్యుల శ్రీ కన్యకా పరమేశ్వరి దేవస్థానానిది. ఆ దేవస్థానం బడులూ కాలేజీ నడుపుతోంది. 1996లో కూరల టోకు వ్యాపారం కోయంబేడుకి తరలిపోయింది. నూరేళ్ల పైబడిన బజారుకైనా అలాంటి రోజు వస్తుంది. నేటాల్ కాంగ్రెస్ కూడా అద్దె వస్తుందని ఒక స్థలం కొంది. తర్వాత ధర్మకర్తల కొట్లాటలు కోర్టుకెక్కి ఆ అద్దె కోర్టులోనే పేరుకుపోయింది. అందుకే స్థిరనిధి మీద బతికే సంస్థ జనం మాట వినడం మానేస్తుందని గాంధీ అభిప్రాయపడ్డాడు. మేం అంత దూరం పోలేం. సొంత గది లేని సంఘం ఏ వానాకాలంలోనైనా వీధిన పడుతుంది. గోడలకి స్థిరనిధి ఉండాలి, అందులో పనిచేసే మనిషి జీతానికి మాత్రం ఏటా చందా ఉండాలి అన్నది మా లెక్క. జీతం ఏటా అడగాల్సి వస్తే, పని జరుగుతోందో లేదో ఏటా ఎవరో ఒకరు అడుగుతారు.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, మా పేట తెలుగు సంఘం ఆదివారం బడి అలాంటి మలుపులో ఉంది. 2006 చట్టంతో తమిళనాట బడుల్లో తమిళం ఒకటో తరగతి నుంచి తప్పనిసరై, 2016 నాటికి పదో తరగతి దాకా చేరింది. మన పిల్లలు తమిళం బాగా నేర్చుకోవాల్సిందే, ఇందులో ఫిర్యాదు లేదు. కానీ అక్షరాలు దిద్దించే చోటు అంటూ మిగిలింది ఈ ఆదివారం బడే. పంతులమ్మగారి జీతం కొన్నేళ్లుగా ఇద్దరు దాతలు భరిస్తున్నారు. ఒకరు పిల్లల దగ్గరికి విదేశం వెళ్లిపోతున్నారు. రెండోవారికి వయసు మీదపడింది. లక్ష్మీనరసు శెట్టిగారి కథ మళ్లీ మన కళ్ల ముందే, చిన్న ఎత్తున.

కంపెనీల్ని అడుగుదామని కుర్రాళ్లు అంటున్నారు. 2013 చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చుపెట్టాలి కదా అని. అడగొచ్చు. కానీ వాళ్లకి కావలసినన్ని కాగితాలు రాసేసరికి పదిమంది పిల్లల బడికి పంతులమ్మ బదులు గుమస్తాని పెట్టుకోవాలి. ఆదాయపు పన్నులో 80జి మినహాయింపు ఉంటే ఇచ్చేవాళ్లకి కాస్త ఊరట. నగదుగా ఇస్తే 2,000 దాటితే ఆ మినహాయింపు రాదు కాబట్టి పెద్ద మొత్తాలు బ్యాంకు ద్వారానే తీసుకోవాలి. ఫోనులో స్కాన్ చేసి వేసే సొమ్ముకీ రసీదు ఇవ్వాలి. బ్యాంకు ఖాతాలో పేరు కనిపిస్తుందిగా అంటే కుదరదు. రసీదు ఇవ్వడానికి మనిషి ఎదురుగా రావాలి, ఆ రావడమే మనకి కావలసింది.

ఇంకొకటి ఉంది. ఈ నగరంలో తరతరాలుగా పారిశుద్ధ్య పని చేస్తున్నవాళ్లలో ఎందరో ఇంట్లో తెలుగే మాట్లాడతారు. మేడలు కట్టే పనులకి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఏళ్లకేళ్లు ఉండేవాళ్లున్నారు. సంఘాల పాత చందా పుస్తకాలు మేం చూసినంతలో ఆ వీధుల పేర్లు లేవు. షావుకార్లు, వకీళ్లు, రైల్వే ఉద్యోగులు, సినిమావాళ్లు, అంతే. కార్యవర్గంలో ఈ మాట ఎత్తితే ‘వాళ్ల దగ్గర ఏం అడుగుతాం, పాపం’ అన్నారు ఒకరు. కాకినాడలో పెద్దలు కూడా ఇలాంటి మాటే అనుకుని ఉంటారు. వాళ్లకి పిల్లలున్నారు. మన ఇళ్ల పిల్లల కంటే వాళ్ల పిల్లలకే తెలుగు ఇంకా నాలుక మీద ఉంది. కావలసింది పలక.

వాదన చాలాసేపు సాగింది. చివరికి ఒప్పుకున్నారు. ఏడాదికి కనీస చందా 100 రూపాయలు, కుదరనివాళ్లకి 10 కూడా చందాయే. 10కీ 1,000కీ ఒకే రకం రసీదు. లెక్క ఉగాది నాడు అందరి ముందూ చదవాలి. ఆదివారం బడి కాలువ పక్క వీధిలో కూడా ఒక పూట నడవాలి. మా ఇంటి వంతుకి వచ్చింది ఆ కాలువ వీధే. పుస్తకం మొదటి రసీదులో మా అంకె వేసి ఉంచాం, వచ్చే ఆదివారం బయల్దేరుతున్నాం.